పన్నెండింటిలో ఒక బాణం

ఆగస్టు 17, ఆదివారం

మిచిగన్‌లో లాపీర్ ఊరు, మార్లీన్ పొలం. ఆమె పిలిస్తే వెళ్లాం, నేనూ ప్రభాకర్. విల్లు సీజన్‌కి ఇంకా ఆరు వారాలున్నాయి. చెట్టు మీది మంచెల మరమ్మతు సంగతేమో అనుకున్నాం.

వరండాలో బల్ల మీద ఎముక. జింక భుజం ఎముక, విసనకర్ర ఆకారం. అందులో ములికి దిగబడి ఉంది. ములికి వెనక జానెడు కార్బన్ కాడ. ఆపైన విరిగిపోయింది.

పోయిన వారం ఎండుగడ్డి కోస్తుంటే వాగు గట్టున దొరికిందట. ఆడ జింక. కయోట్ నక్కలు మిగిల్చింది ఆమె కడిగి పెట్టింది. ములికి చుట్టూ ఎముక కొత్తగా పేరుకుని ముడి కట్టింది. అంటే తగిలిన రోజు చావలేదు. నెలల తరబడి తిరిగింది. చలికాలంలో మొక్కజొన్న చేను అంచున ముందుకాలు మోపకుండా నడిచే జింకను రెండుసార్లు చూశానంది.

"మీ ఇద్దరిలో ఎవరు, బాయ్స్?"

ఆమెకు డెబ్బై ఎనిమిది. యాభై ఆరేళ్ల నేను కూడా ఆమెకు బాయ్‌నే.

ప్రభాకర్ ముందు అన్నాడు, నాది కాదు మేడమ్ అని. నేను తర్వాత — "నాకు తెలిసినంతలో నాది కాదు."

నాకు తెలిసినంతలో... కోర్టులో సాక్షులు ఈ మాట అంటే నోట్‌బుక్‌లో కింద గీత పెట్టుకుంటాను.

ఐదేళ్ల క్రితం తన పొలంలో వేటాడనిచ్చినప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే. బాణం తగిలితే ఆ రోజే చెప్పాలి. జంతువు దొరికినా, దొరక్కపోయినా. కుక్కను తీసుకుని తనే వెతకడానికి వస్తుంది. ఇంకే షరతూ లేదు. గేటు తాళం కూడా వేయదు.

"అక్టోబర్ ఒకటిలోపు తేల్చండి. తేలకపోతే ఇద్దరూ రావద్దు."

ఎముక నా చేతిలో పెట్టింది. "నువ్వు రిపోర్టర్‌వి కదా. కనుక్కో."


ఆగస్టు 18

ఎముక గరాజ్‌లో ఉంది. మా పేపర్‌లోనే చుట్టాను, మెట్రో పేజీలో.

వసంత చూసింది. "ఛీ, ఏవిటండీ అది? వంటింట్లోకి మాత్రం తేకండి."

ఏటా అదే జింక మాంసం మిరియాలు దంచి వండి పదిమందికి పెట్టే మనిషి.

ఆమెకు ఎముకంటే అసహ్యం. నాకు ప్రభాకర్ అంటే. కళ్లలోకి చూస్తూ కాదన్నాడు. తేదీ వేసి రాసుకుంటున్నాను.


ఆగస్టు 20

రుజువు ఎక్కడ దొరుకుతుందో చూడాలి. సమస్య మేం చేసుకున్నదే.

ఇక్కడి వేటగాళ్లు ఎవరి బాణాలు వాళ్లు కొనుక్కుంటారు. కొందరు కాడ మీద పేరు రాసుకుంటారు. మేం? రెండేళ్ల క్రితం డజను బాణాల పెట్టె ఒకటి తెచ్చి చెరో ఆరు పంచుకున్నాం. హోల్‌సేల్ షాపులో పెరుగు బకెట్ కొని రెండిళ్లకూ పంచుకున్నట్టు. కాడలు ఒకటే. ములుకులు ఒకటే, మూడంచులవి. చేతుల పొడవు ఇంచుమించు ఒకటే కాబట్టి ఒకే కొలతకు కోయించాం. ఆ రోజు ఇద్దరికీ భలే తెలివైన పనిలా తోచింది.

ప్రభాకర్‌తో ఫోన్.

"అన్నా, ఎవడో దొంగతనంగ అచ్చి కొట్టిండు. ఆ రోడ్డు దిక్కు కంచె పడిపోయి ఉన్నది గదా. మనకెందుకు ఫికర్?"

"ములికి మనదే."

"గా ములికి మిచిగన్‌ల సగం మంది వాడ్తరు."

"కాడ?"

"కాడ గూడ. నువ్వు పోలీస్ లెక్క మాట్లాడకే జర."


ఆగస్టు 23, శనివారం

ఆర్చరీ షాపుకి. షాపాయన పెద్దవాడు, మాటలు తక్కువ. విరిగిన కాడను కొలిచాడు. మా డజను రకమే. ఈ చుట్టుపక్కల ఆ సన్న రకం తను ఎక్కువ అమ్మలేదన్నాడు. గుర్తుంచుకోవలసిన వాక్యం, కానీ రుజువు కాదు.

నా పాత బాణం ఒకటి తూచాడు. 350 గ్రెయిన్లు. ఏడు వేల గ్రెయిన్లయితే ఒక పౌండు — అంటే ఒక పౌండుకి అలాంటివి ఇరవై తూగుతాయి. నా విల్లు లాగే బరువు అరవై పౌండ్లు.

"పక్కటెముకల మధ్య నుంచి పోతే ఇదీ చంపుతుంది. భుజం ఎముక తగిలితే ఆగుతుంది. నీ చేతిలో ఉన్నదే చూడు."

బరువైన కాడలు చూపించాడు. గోడ మందంగా ఉన్నవి, వంగనివి. ముందు భాగంలో ఇత్తడి మర, ఆ మరకు 125 గ్రెయిన్ల ములికి. అన్నీ కలిపి 500 పైన వస్తుందట. ముందు బరువు పెరిగితే కాడ మరింత గట్టిదై ఉండాలి, లేకపోతే విల్లు వదిలిన క్షణాన పాములా వంకర్లు పోతుంది. కాబట్టి పాత కాడకే బరువైన ములికి తగిలిస్తే సరిపోదు. మొత్తం మార్చాలి.

డబ్బాలో పెడుతూ ఆయన అన్నది —

"బరువైన కాడలు కావాలని నా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఒక జింకను పాడుచేసి వచ్చినవాళ్లే. ముందుగా వచ్చినవాణ్ని ఇంకా చూడలేదు."

అది నాది కాదు అనబోయాను. డజను తీసుకున్నాను. ఈసారి పన్నెండూ నావే.


ఆగస్టు 24

ప్రభాకర్ ఇంటికొచ్చాడు లాప్‌టాప్‌తో. ఆఫీస్‌లో కార్ల బ్రేకులు డిజైన్ చేస్తాడు. బాణం విషయంలో వేగమే దైవం.

"ఎనర్జీ చూడు అన్నా, రెండిటికీ ఇంచుమించు గంతే. కానీ నీ బరువు బాణం ముప్పై గజాలకే జారుతది. దూరం అంచనా రెండు గజాలు తప్పినా కిందికెళ్లి పోతది. స్పీడ్ ఉంటే తప్పు మాఫ్."

"ఎనర్జీ ఒకటే అయినప్పుడు ఇది ఎముకలో ఎందుకు ఆగింది?"

"యాంగిల్."

"ఎవరి యాంగిల్?"

స్క్రీన్ వైపే చూశాడు. వసంత మిరపకాయ బజ్జీల పళ్లెం మధ్యలో పెట్టింది. "ముందు తిను ప్రభాకర్. పోట్లాట చల్లారినా బాగుంటుంది, బజ్జీలు బాగుండవు."

అతను నవ్వాడు. నేను అడిగాను, నీ ఆరింటిలో ఎన్ని ఉన్నాయని.

"నాలుగు. రెండు ప్రాక్టీస్‌ల గడ్డిల పోయినయ్."

"ఎప్పుడు?"

"గుర్తుందా ఎవనికన్న? నీయి ఎన్నున్నయ్?"

"ఐదు."

"మరి ఆ ఒకటి?"

"చెట్లలో పోయింది. కిందటేడు. మిస్సయింది."

"నీది చెట్లల్ల పోతది. నాది గడ్డిల పోవద్దా?"

బజ్జీ కొరికాడు. నాకు కోపం వచ్చింది.


ఆగస్టు 25

రెండు పోయాయన్నాడు. తేదీ లేదు, చోటు లేదు, సాక్షి లేదు. నేనైతే ఈ మాట అచ్చుకి ఇవ్వను.


ఆగస్టు 29

కిందటేటి డైరీ తీశాను. ప్రభాకర్ ఏ రోజుల్లో పొలానికి వచ్చాడో చూద్దామని. నా పేజీ తగిలింది.

అక్టోబర్ 24, గురువారం. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"సాయంత్రం మంచె మీద. ఆడ జింక, ఇరవై రెండు గజాలు. వదిలాను. చెట్టుకి తగిలిన చప్పుడు. జింక వాగు వైపు పారిపోయింది. మిస్. బాణం దొరకలేదు. వెలుగు లేదు. రేపు తీర్పు ఉంది, పొద్దున్నే కోర్టు."

తొమ్మిది వాక్యాలు దాటవు. రెండు చోట్ల పెన్ను ఆగింది.

'చెట్టుకి తగిలిన చప్పుడు.' చెట్టు చూశానా? లేదు. చప్పుడు విన్నాను. టక్ మని, గట్టిదానికి తగిలినట్టు. చెట్టు అన్నది నేను చేర్చింది.

'మిస్.' ఎవరు చెప్పారు? జింక పారిపోయింది. తగిలినా పారిపోతుంది. తగలకపోయినా పారిపోతుంది. బాణం దొరకలేదు కాబట్టి దాని మీద నెత్తురుందో లేదో తెలియదు. ఎంతసేపు వెతికానో రాయలేదు. పది నిమిషాలు. మర్నాడు పగటి వెలుగులో వెళ్లానా? లేదు. దొంగతనం కేసులో తీర్పు. మూడో పేజీలో నాలుగు పేరాలు.

ముప్పై ఏళ్లుగా కుర్ర రిపోర్టర్ల కాపీలు దిద్దుతున్నాను. ఇలాంటి పేరా ఎవడైనా ఇస్తే వెనక్కి కొట్టేవాణ్ని.

నా చేతిరాత. చూడబుద్ధి కావడం లేదు.


సెప్టెంబర్ 1, లేబర్ డే

సెలవు. వీధిలో అందరూ మాంసం కాలుస్తున్నారు. నేను గరాజ్‌లో కాడలు కోస్తున్నాను. కార్బన్ దుమ్ము, మూతికి గుడ్డ.

కాడ కొసన ఇత్తడి మర అతికించాలి. జిగురు కడ్డీని మంట మీద చూపించి, మెత్తబడ్డాక మరకు పూసి కాడలోకి తోస్తాను. ఆరాక గట్టిగా పట్టేస్తుంది. మళ్లీ వేడి చేస్తే ఊడి వస్తుంది. నాకు ఈ పద్ధతే అలవాటు.

మూడోది అతికిస్తుండగా చేయి ఆగింది.

పాత పెట్టె పంచుకున్న రోజు ప్రభాకర్ తన ఆరింటి మరలనూ వాళ్లింట్లో అతికించుకున్నాడు. కడ్డీతో కాదు. రెండు ట్యూబుల నుంచి కలిపే జిగురుతో. "నీ లక్క పని నాకొద్దు అన్నా, ఇది వేస్తే జన్మల ఊడది" అని నన్ను ఎగతాళి కూడా చేశాడు.

అంటే పన్నెండూ ఒకటి కావు. ఆరు వేడికి ఊడతాయి. ఆరు ఊడవు. ఎముకలో ఉన్న మరను మరిగే నీళ్లలో పెడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఎముక అక్కడే, బల్లకి రెండడుగుల దూరంలో, పేపర్‌లో.

నాలుగో కాడ తీసుకున్నాను. పన్నెండూ పూర్తయ్యేదాకా లేవలేదు. ఎముక ముట్టుకోలేదు.


సెప్టెంబర్ 6, శనివారం

షాపు వెనక రేంజ్‌లో కొత్త బాణాలు. తూకం 506. షాపాయన యంత్రం చూపించిన వేగం 235 అడుగులు, సెకనుకి. పాతవి 275.

ముందు ఈకలు లేకుండా ఉత్త కాడను కాగితం గుండా వేయించాడు. కాగితం ఎడమకి చీలింది. విల్లు కాస్త సరిచేశాడు. ఆరో సారికి గుండ్రటి చిల్లు. కాడ నిటారుగా పోతోందని అర్థం.

ఇరవై గజాల గురి పాతదానికి దగ్గరలోనే. ముప్పై గజాలకి బాణం బాగా కిందికి దిగింది. విల్లు మీది గురిపిన్నులన్నీ మార్చాలి. ప్రభాకర్ అన్నది ఆ మేరకు నిజం. దూరం తెలియకుండా ఇది వదలకూడదు. ముప్పై దాటితే వదలనే కూడదు.

కానీ గురికి పెట్టిన ఫోమ్ దిమ్మలో పాతవి సగం దిగితే ఇవి ఈకల దాకా దిగాయి. విల్లు చప్పుడు కూడా తగ్గింది, ఫట్ మనేది దబ్ మంటోంది. ప్రతి బాణమూ దిమ్మలోంచి రెండు చేతులా లాగాల్సి వచ్చింది.

ఇరవై గజాల్లో వరసగా అయిదు, అరచేతిలో పట్టేంత జాగాలో. సంతోషం వేసింది. కొత్త బాణం ఎంత లోతు దిగుతుందో కొలిచి వస్తున్నాను. పాతది ఎవరిదో కొలవకుండా.


సెప్టెంబర్ 9

ఇవాళ కూడా చేయలేదు. గ్యాస్ అయిపోయిందని చెప్పుకున్నాను. అయిపోలేదు.


సెప్టెంబర్ 13, శనివారం

పొద్దున మార్లీన్ ఫోన్.

"నీ స్నేహితుడు నిన్న వచ్చాడు. ఒప్పుకున్నాడు. ఇక అతను ఇక్కడికి రాడు. నువ్వు రావచ్చు. ఉత్తరం వైపు మంచె నీదే."

థాంక్యూ అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

మధ్యాహ్నం ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో ప్రభాకర్ కనబడ్డాడు. చేతిలో కొత్తిమీర కట్ట, గోంగూర. నన్ను చూసి తప్పుకోలేదు. తనే వచ్చాడు.

"చెప్పిన అన్నా. నిద్ర పడ్తలేదు. నాదే అది."

"ఎట్లా తెలుసు?"

"నవంబర్‌ల. మొదటి వారం. వదిలిన, తగిలింది. కింద బొచ్చు ఉండె, నెత్తురు రెండు చుక్కలు. యాభై అడుగులు నడిచిన. ఇంతల మేనేజర్ కాల్. ఆ రోజు లేఆఫ్ లిస్ట్ వచ్చింది, యాదికున్నదా? ఆ కాల్ ఎత్తకుంటె... నా గ్రీన్‌కార్డ్ ఏ స్టేజ్‌ల ఉన్నదో నీకెర్కే గదా. ముసలామెకి చెప్తే కుక్కను పట్టుకొని వస్తది, మూడు గంటలు. కార్‌ల కూసొని లాగిన్ అయిన. కాల్ అయ్యేసరికి వాన పడ్డది. నెత్తురంత కడుక్కపోయింది."

"జాబ్?"

"ఉన్నది. మా టీంల ఇద్దరు పోయిండ్రు."

కొత్తిమీర కట్ట ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చాడు.

"నువ్వడిగినప్పుడే చెప్పాల్సింది. నీ మొఖం చూస్తే చెప్పబుద్ధి కాలే. జడ్జి లెక్క కూసుంటవ్."

అక్టోబర్ 24 గురించి అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. భుజం తట్టాను. "పోనీలే" అన్నాను.

పోనీలే! అతన్ని క్షమించేశాను కూడా.


సెప్టెంబర్ 14

నిన్నటి నుంచి ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. నిందితుడు ఒప్పుకున్నాడు. కేసు మూసేశారు. పొలం నాకు దక్కింది.

ఇలా ఒప్పుకోలు ఒక్కటే చూసి ఫైలు మూసిన డిటెక్టివ్‌ల మీద రెండు సార్లు పెద్ద కథనాలు రాశాను. ఒకదానికి అవార్డు కూడా.

ఆ తేలిక చూస్తేనే అసహ్యం వేస్తోంది.


సెప్టెంబర్ 20, శనివారం

చేశాను.

క్యాంప్ స్టవ్, పాత అల్యూమినియం గిన్నె, గరాజ్ తలుపు తెరిచి. వసంత లోపలి నుంచి అరిచింది, ఆ గిన్నె ఇక లోపలికి రావద్దని.

ముందు సరిచూసుకోవడానికి రెండు. నా పాత బాణం ఒకటి, ప్రభాకర్ మా గరాజ్‌లో ఎప్పుడో వదిలేసి పోయిన పాతది ఒకటి, గడ్డిలో పోయాయన్న రెండింటిలో ఒకటి కాబోలు. మరిగే నీళ్లలో కొసలు ముంచి పట్టకారుతో లాగాను. నాది రెండు నిమిషాల లోపే మరతో సహా ఊడొచ్చింది. అతనిది పది నిమిషాలు పెట్టాను. కదలలేదు. పద్ధతి పనిచేస్తోంది.

తర్వాత ఎముక. ములికి ఉన్న వైపు నీళ్లలో మునిగేలా పట్టుకున్నాను. ఆవిరికి ఎముక వాసన లేచింది, పాత వాసన, చెమ్మలో నానిన తోలులాంటిది. ఒక నిమిషం. లాగాను. రాలేదు. అతనిదే, అతనిదే. నిజంగా ఆ మాటలే అనుకున్నాను.

రెండో నిమిషం దాటాక మళ్లీ కాడను లాగాను. వెన్నలోంచి తీసినట్టు వచ్చింది.

మర మీద జిగురు తీగలా సాగింది. అంబర్ రంగు. నా కడ్డీ రంగు.

స్టవ్ ఆపి, మరను ములికి నుంచి తిప్పి ఊడదీశాను. నీళ్లు డ్రైవ్‌వే మీద పారబోశాను. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

భుజం. ఇరవై రెండు గజాలు. 350 గ్రెయిన్ల బాణం. చప్పుడు చెట్టుది కాదు.

అక్టోబర్ 24 నుంచి జూలై దాకా అని లెక్కేస్తే తొమ్మిది నెలలు. మంచులో మూడు కాళ్ల మీద.


సెప్టెంబర్ 21

వసంతకి చెప్పాను. బీన్స్ గిల్లుతూ కూర్చుంది.

"ప్రభాకర్ భార్య ఫోన్ చేసింది మొన్న. అతను సరిగ్గా తినట్లేదట. మీకు తెలుసా?"

తెలియదన్నాను.

"ఎలా తెలుస్తుంది. మీరు అతన్ని చూసి నెల రోజులు అసహ్యించుకున్నారు. నా ముందే కదా, బజ్జీలు తింటూ."

గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.


సెప్టెంబర్ 24

ప్రభాకర్‌ని ఇంటి దగ్గరే కలిశాను. ఊడొచ్చిన మర చూపించాను. జిగురు చూసి వెంటనే అర్థమైంది అతనికి. మొదట నవ్వాడు.

"లక్క పని! చెప్పినగా, ఊడుతదని."

తర్వాత నవ్వు ఆగింది. మరను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"చెప్పకు అన్నా."

"ఏంటి?"

"ముసలామెకి చెప్పకు. నన్నెట్లాగు ఎల్లగొట్టింది. నేను తప్పు చేసిన, చెప్పలే, దానికి శిక్ష పడ్డది. సరిపోయింది. ఇప్పుడు నువ్వు గూడ పోయి చెప్తే ఏమైతది? ఇద్దరం పోతం. ఏం ఫాయిదా?"

"నా తప్పుకి నీకు శిక్ష పడింది."

"నా తప్పుకే పడ్డదే. నీ తప్పు పక్కన నిలబడ్డది, గంతే." మర నా చేతిలో పెట్టాడు. "నువ్వు బరువు బాణాలు తెచ్చుకున్నవ్. ఇంకోసారి గిట్ల కాదు. మంచిగ కొట్టు. నాకింత మాంసం పంపు. బస్."

దయతోనే అన్నాడు. ఆ దయనే భరించలేకపోయాను. ఎందుకంటే నాలుగు రోజులుగా నేను నాకు చెప్పుకుంటున్నది అక్షరాలా ఇదే. అతని నోట వింటే ఎంత చవకగా ఉందో.


సెప్టెంబర్ 27

ములుకులు పదును పెట్టాను. పన్నెండూ. ఎందుకు పెట్టానో అడగవద్దు.


సెప్టెంబర్ 29

షాపాయన దగ్గర ఆగాను, ఊరికే. కొత్త కాడలు ఎలా ఉన్నాయన్నాడు. బాగున్నాయన్నాను. పాత జింక సంగతి తేలిందా అన్నాడు.

"తేలింది. నాదే."

తల ఊపాడు. మొదటిసారి బయటి మనిషితో అన్నాను. అనడం కష్టం కాలేదు. ఆయన చేతిలో నా పొలం లేదు కాబట్టి కాలేదు.


సెప్టెంబర్ 30

రేపు సీజన్ మొదలు. రేపటి సెలవు ఆఫీస్‌లో నెల కిందటే అడిగి పెట్టాను. వసంత అడిగింది — "అలారం ఎన్నింటికి పెట్టాలి?"

ఏడుకి చాలన్నాను. వేటకయితే నాలుగుకి లేవాలి. ఆమె నన్ను చూసింది. ఏడుకి పెట్టింది.


అక్టోబర్ 1, బుధవారం

విల్లు తీసుకోలేదు. ఎముక, విరిగిన కాడ, మర తీసుకెళ్లాను. దారిలో రోడ్డు పక్కన పికప్ ట్రక్కులు, ఒక్కోదానిలో వేటగాళ్ల నారింజ రంగు టోపీ.

మార్లీన్ వరండాలోనే ఉంది. నా బట్టలు చూసి అడిగింది, ఆలస్యమైందేమని. మంచె మెట్టు ఒకటి కొత్తది వేయించానంది, నా కోసం.

కూర్చోకుండానే చెప్పాను. తేదీ, సమయం, దూరం, చప్పుడు, పది నిమిషాలు వెతకడం, మర్నాడు రాకపోవడం, చెట్టు అని రాసుకోవడం. జిగురు పరీక్ష. ప్రభాకర్ చెప్పి వెళ్లాక నేను పదకొండు రోజులు తెలియకుండా ఉండడం. కాదు, దిద్దుకున్నాను — వారం రోజులు తెలుసుకోకుండా ఉండడం, తర్వాత పదకొండు రోజులు తెలిసి ఊరుకోవడం.

విశేషణాలు వాడలేదు. వాడితే సానుభూతి అడిగినట్టుంటుంది.

ఆమె మరను చేతిలోకి తీసుకుని చూసింది.

"అక్టోబర్ ఇరవై నాలుగు?"

"అవును."

"సాయంత్రం?"

"అవును."

"నేను ఇంట్లోనే ఉన్నాను. ఇక్కడే. లైటు వెలుగుతూనే ఉంటుంది."

అవునన్నాను. ఆ రోజు గేటు దాటుతూ ఆ లైటు చూశాను. ఆ సంగతి డైరీలో లేదు.

ఎముకను తిప్పి చూసింది. తిడుతుందనుకున్నాను. పొలంలోకి రావద్దంటుందనుకున్నాను, దానికి సిద్ధపడే వచ్చాను. ఆమె అడిగింది ఇంకొకటి.

"నీ స్నేహితుడు కొట్టానన్నాడు. బొచ్చు చూశాడు, నెత్తురు చూశాడు. ఇది నీదయితే, అతనిదేది?"

పద్ధతి ప్రకారం పరీక్షించి, తేల్చి, ఒప్పుకుని వచ్చాను. ఈ ప్రశ్న నాకు రాలేదు. ప్రభాకర్‌కీ రాలేదో, వచ్చినా అనలేదో. నేను నా జింక గురించే ఆలోచించాను. అందులోనూ నా గురించే.

"తెలియదు," అన్నాను.

"ఎక్కడి నుంచి వదిలాడు?"

"తెలియదు. అడగలేదు."

"అడుగు."

ఫోన్ చేశాను. మీటింగ్‌లో ఉన్నాడు, గుసగుసగా మాట్లాడాడు. విషయం చెప్పాను.

"అన్నా... ఆమె నన్ను రానిస్తదా?"

ఆమెను అడిగాను. "రమ్మను. చోటు చూపించాలి కదా."

గంటకు పైగా పడుతుంది ట్రాయ్‌లోని అతని ఆఫీస్ నుంచి, ఈ వేళ ట్రాఫిక్‌లో. బయల్దేరానని మెసేజ్ పెట్టాడు.

అతను వచ్చేదాకా ఆమె ఆగలేదు. రబ్బరు బూట్లు వేసుకుని, కర్ర తీసుకుని, కుక్కను వెంటబెట్టుకుని వాగు వైపు నడిచింది. పదకొండు నెలల తర్వాత ఏం దొరుకుతుందని అడగలేదు నేను. నన్ను రమ్మనలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు.

వరండా మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. సోయా చేను ఇంకా కోయలేదు. ఆమె ఎర్ర చొక్కా చేను అంచున కనబడుతోంది. వంగి చూస్తోంది, లేస్తోంది, రెండడుగులు వేస్తోంది, మళ్లీ వంగుతోంది...